గోడకెక్కిన లక్ష్యం

హలో… ఆ, నేనే పిన్నీ. బస్సు నడుపుతున్నావా? … డిపోలోనా. హమ్మయ్య. ఎంతసేపు ఆగుతావు? … ఇరవై నిమిషాలా. చాలు.

లేదు, ఏం కాలేదు. … నిజంగా ఏం కాలేదు. … మెట్లెక్కుతున్నా, అందుకే ఆయాసం. … అవును, ఎక్కాను, మళ్ళీ దిగాను. కాలేజీలో సెమినార్ హాలు పక్క మెట్లు. ఒకచోట కాలు నిలవడం లేదు.

పిన్నీ, ఒక్క సంతకం పెట్టాలి నువ్వు. … నాకే. ఒక ఫారం మీద, గార్డియన్ అని ఉన్నచోట. … నాలుగింటి లోపల ఆఫీసులో ఇచ్చేయాలి. ఇవాళే ఆఖరు. … రాలేవా. … తెలుసు, ఇంకా రెండు ట్రిప్పులున్నాయి, తెలుసు. పోనీ నీ సంతకం నేనే— … సరే. సరే, అనలేదనుకో.

… సప్లిమెంటరీ ఫారం.

… ఆ, నాకే.

కెమిస్ట్రీ. … తప్పాను. … లెక్కలు కూడా. … ఫలితాలొచ్చి నెలన్నర అయింది. … లేదు, అమ్మకి తెలీదు. అన్నీ పాసయ్యానని చెప్పా. … ఎందుకంటే ఏం చెప్పను? అడిగిన రోజు తను అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి కాళ్ళు చాపుకుని కూర్చుంది. హాస్పిటల్ లాండ్రీలో పొద్దుట్నుంచీ నిలబడే ఉంటుంది కదా. నాకు నోరు రాలేదు. మర్నాడు చెప్పొచ్చులే అనుకున్నా. … ఆ. గోటితో పోయేదే. గొడ్డలి దాకా తెచ్చుకున్నా.

కాదు, అసలు గొడవ అదొక్కటే కాదు. విను. పోయిన వారం ఒకాయన వచ్చాడు, జీవితంలో లక్ష్యాలు ఎలా పెట్టుకోవాలో చెప్పడానికి. … ఆ, కోటేసుకునే. తలా ఒక కార్డు ఇచ్చి, ఐదేళ్ళ తర్వాత ఎక్కడుంటారో రాయమన్నాడు. నా పెన్ను కదలదు. పక్కనందరూ గబగబా రాసేస్తున్నారు. నేనూ ఏదో రాశా. క్లాసు ఫస్టు రావడం, ఆ తర్వాత పరిశోధన, కొత్త మందులు కనిపెట్టడం, మా అమ్మని ఉద్యోగం మాన్పించడం. … నవ్వకు పిన్నీ. … ఆయన దాన్ని మైకులో చదివాడు. హాలంతా చప్పట్లు. తప్పింది కెమిస్ట్రీ, కనిపెట్టేది మందులు.

ఇప్పుడు దాన్ని పెద్ద పోస్టరు చేసి, నా ఫొటోతో గోడకెక్కించారు. ఇవాళ తల్లిదండ్రుల మీటింగు. స్టేజీ మీద నేనే చదవాలి. … రెండున్నరకి. … వస్తోంది. షిఫ్టు మార్చుకుని మరీ వస్తోంది. దారిలో ఉంది. లాండ్రీలో అందరికీ చెప్పిందట.

… చదువుతున్నానా అంటే… పుస్తకం ముందు కూర్చుంటా. టైంటేబుల్ వేస్తా. నాలుగు రంగుల పెన్నులతో. అది వేయడానికే ఒక రోజు పడుతుంది. మర్నాడు ఒక గంట ఆలస్యంగా లేస్తా, ఇంకేముంది, అంతా పాడైనట్టే, మళ్ళీ కొత్తది. ఇప్పటికి పదకొండు వేశా. టైంటేబుళ్ళలో పరీక్ష పెడితే నేనే ఫస్టు.

… నాకేం కావాలా? తెలీదు పిన్నీ. అందరికీ తెలిసినట్టే ఉంది, నా ఒక్కదానికే… ఆ కార్డు మీద "తెలీదు" అని రాసినా బాగుండేది. … ఇదిగో, డ్రైవింగు మీద నీతికథ మొదలుపెట్టకు. కోటాయన చెప్పింది చాలు. … చెప్పవా? మరేమంటావ్?

… ముందు ఏ పరీక్షా? కెమిస్ట్రీ. పదిహేనో తారీఖు. … పన్నెండు రోజులు. … ఐదు పాఠాలు. … వచ్చినవా? ఒకటి. … ఒకటిన్నర. … మూడు రోజులకో పాఠమా. ఆ, లెక్క బాగానే ఉంది. కానీ సంతకం?

… నువ్వు చెప్పొచ్చు కదా అమ్మకి. మీ అక్క నీ మాటైతే వింటుంది. … ఎందుకు చెప్పవు? … "నీ బస్సు నేను నడపను" అంటే ఏమిటి? నీతికథ వద్దన్నానా లేదా.

ఒక్క నిమిషం. మా మేడమ్ వస్తున్నారు. ఉండు.

మేడమ్. … రిహార్సల్ అక్కర్లేదు మేడమ్. … వచ్చు, కంఠతా వచ్చేసింది. కానీ నేనది చదవలేను. … గొంతు బాగానే ఉంది. అది నిజం కాదు మేడమ్. నేను రెండు సబ్జెక్టులు తప్పాను. … మీకు తెలుసా. … తెలిసే నన్ను పెట్టారా. … ప్రోత్సాహంగా ఉంటుందనా. … నాకైతే ఊపిరాడటం లేదు మేడమ్. … స్టేజీ ఎక్కుతా. ఆ కార్డు మాత్రం చదవను. … సరే మేడమ్.

పిన్నీ, విన్నావా? … కోప్పడలేదు. పోస్టరు వైపు చూశారు, నా వైపు చూశారు, వెళ్ళిపోయారు.

… అయ్యో. అమ్మ వచ్చేసింది. పోస్టరు దగ్గర ఆగింది. చదువుతోంది. వేలు పెట్టి ఒక్కో మాటా చదువుతోంది పిన్నీ. … నా వల్ల కాదు. … వద్దు, ఫోన్ పెట్టేయకు. ఏం మాట్లాడకు, లైన్లో ఉండు చాలు.

అమ్మా. … ఇక్కడున్నా. … పిన్నితో. … అవును, ఫొటో బాగానే వచ్చింది. అమ్మా, హాల్లోకి తర్వాత వెళ్దాం. ముందు ఇది చూడు. … సప్లిమెంటరీ అంటే, తప్పినవాళ్ళు మళ్ళీ రాసేది. … నాదే. … రెండు. … నెలన్నర నుంచి. … అబద్ధం చెప్పా. … పిన్నికీ ఇప్పుడే తెలిసింది. … అమ్మా, దీని మీద నీ సంతకం కావాలి.

… ఇక్కడ. గార్డియన్ అని ఉంది చూడు. … పెన్ను ఇదిగో.

పిన్నీ… పెట్టింది. కాగితం గోడకి ఆనించి పెట్టింది, ఆ పోస్టరు పక్కనే. కళ్ళు నిండాయి, తుడుచుకోను కూడా లేదు. … వెళ్ళిపోతోంది. ఇంటికేనేమో. … వెనకాలే వెళ్ళనా? … ముందు ఫారమా. సరే. ఆఫీసు కిటికీ ఇక్కడే.

సార్, ఈ ఫారం. … కెమిస్ట్రీ, లెక్కలు. … సంతకం ఉంది సార్, కింద. … ముద్ర వేసిన రసీదు ముక్క నాకివ్వాలి కదా. … థాంక్స్ సార్.

ఇచ్చేశా పిన్నీ. … పరిగెడుతున్నా. గేటు దగ్గర లేదు. … బయట స్టాపులోనూ లేదు. … ఫోన్ చేస్తే ఎత్తదు ఇప్పుడు. నాకు తెలీదా అమ్మ సంగతి. … ఉండు. హాలు తలుపు తీసి ఉంది.

… లోపలే ఉంది. మొదటి వరుసలో. పక్క కుర్చీలో తన సంచి పెట్టింది, ఇంకెవరూ కూర్చోకుండా.

… ఏడవడం లేదు. … సరే, ఏడుస్తున్నా. నీ ట్రిప్పు టైమైందా? … స్టేజీ మీదా? ఏముంది, పదిహేనో తారీఖు నాకు కెమిస్ట్రీ ఉంది, రేపు రెండో పాఠంలో మిగిలిన సగం చదువుతా అని చెబుతా. ప్రస్తుతానికి నా దగ్గర అంతే ఉంది. … ఆ. రేపు కాదు, ఇవాళే.

… పిలుస్తున్నారు. ఉంటా పిన్నీ.