బీరువా తలుపు నుంచి బయటి గోడకు

ముప్పై నాలుగేళ్ల క్రితం జూన్ పదిహేడో తేదీన, ఉదయం పది గంటలకు, మన పంటల రాయితీ విభాగంలో గుమస్తాగా చేరిన ఆమెకు మొట్టమొదట అప్పగించినది ఒక బీరువా తాళంచెవి. రాయితీ ఎవరికెంత అందిందో తెలిపే జాబితాను ఏటా కార్యాలయంలో ప్రదర్శించాలని నిబంధన. మన పెద్దలు దానిని తు.చ. తప్పకుండా పాటించేవారు: జాబితాను బీరువా తలుపుకు లోపలివైపున అంటించి, తాళం వేసేవారు. అడగవచ్చిన రైతుకు ప్రదర్శించామనే చెప్పేవారు. ఇంతకంటె సిగ్గుమాలిన పని ఉంటుందా అని ఆమెకు ఆనాడే ఒళ్లు మండింది. అయినా చిన్న ఉద్యోగం కావడంతో పన్నెండేళ్లు పంటి బిగువున సహించారు.

పదమూడో ఏట పర్యవేక్షకురాలి పదవి అలంకరించిన వెంటనే, ఇంట్లో మైదా జిగురు కాచి డబ్బాలో తెచ్చి, జాబితాను గేటు పక్క బయటి గోడకు స్వహస్తాలతో అంటించారు. పేరు, ఊరు, విస్తీర్ణం, పంట, అందిన సొమ్ము, ఏదీ దాచలేదు. మనందరిలో పొట్టివాడైన తోటమాలిని నిలబెట్టి, అతని కంటి ఎత్తుకు అంటించడం అప్పటినుంచి ఆనవాయితీ అయింది. గోదాములు కట్టిన నేలకు ఒక బట్టల వ్యాపారి పదేళ్లుగా మొక్కజొన్న రాయితీ మింగుతున్నాడని ఆ వారంలోనే లోకానికి తెలిసింది. మరోచోట నిజంగా మొక్కజొన్న పండించిన ఒక కౌలురైతు మాత్రం ఒక్కో వరుసను వేలితో వెతుక్కుంటూ చివరి కాగితం దాకా వెళ్లి, తన పేరు కానరాక వెనుదిరిగాడు. అతనికి రాయితీ దక్కేదాకా ఆమె పై అధికారులను కుదురుగా కూర్చోనివ్వలేదు.

మరుసటి ఏడు జాబితాలో ఆమె సొంత అన్నగారి పేరు వచ్చింది. ఆయన గేటు దగ్గరే నిలదీశారు.

"తోడబుట్టినవాడి పరువు గోడకెక్కిస్తావటే?"

"నేనెక్కడ ఎక్కించానన్నయ్యా? బీడు నేలలో పొద్దుతిరుగుడు వేశానని సంతకం పెట్టి నువ్వే ఎక్కావు. డబ్బు తిరిగి కట్టెయ్యి."

ఆయన కట్టారు. కట్టి, మూడేళ్లు చెల్లెలి గడప తొక్కలేదు. ఆ మూడేళ్లూ జాబితా అంటించిన రోజున ఆమెకు ముద్ద దిగేది కాదని కుమార్తె చెప్పగా విన్నాము.

అటువంటి ఉద్యోగిని పదవీ విరమణకు మనం చేసిన సన్నాహమేమిటి? వారం ముందే, లబ్ధిదారుల గోప్యత పేరిట, జాబితా చింపించి ఆ గోడకు సున్నం కొట్టించాము. సున్నం కొట్టించిన అధికారే వీడ్కోలు సభలో ఆమెను పారదర్శకతకు ప్రతిరూపమని కొనియాడారు. చప్పట్లు కొట్టిన చేతులు మనవే. కాగితాలు చింపుతుంటే కట్టుకుని నిలబడిన చేతులూ మనవే. ప్రజల సొమ్ము ఎవరి పొలానికి వెళ్లిందో ప్రజలకు చెప్పకపోవడం గోప్యత అయితే, ఇక దొంగతనానికి వేరే పేరు వెతకాలి.

సభలో ఆమె రెండే మాటలు మాట్లాడి, తాళంచెవులు అప్పగించి వెళ్లిపోయారు. మర్నాడు ఉదయం పది గంటలకు ప్రజల కిటికీ ముందు వరుసలో అందరికంటె ముందు నిలబడి ఉన్నారు.

"ఏంటి మేడం, ఏమైనా మర్చిపోయారా?" అన్నాడు నిన్నటిదాకా ఆమె కింద పనిచేసిన గుమస్తా.

"లేదు బాబూ, దరఖాస్తు ఇద్దామని వచ్చా. ఈ ఏటి రాయితీ జాబితా కావాలి. ముద్ర వేసి రసీదు ఇయ్యి."

అతను ముద్ర వేశాడు. ఆమె వెనకనున్న ఆనాటి కౌలురైతూ అదే దరఖాస్తు అందించాడు. అతని వెనక నెరిసిన తలతో అన్నగారు.

"నాదీ అదే, తీసుకో."

మన కార్యాలయం ఒక జవాబుకు ఎన్నేళ్లు తీసుకుంటుందో ఆమెకంటె బాగా ఎరిగినవారు లేరు. కనుకనే ఆమెకు ఆయురారోగ్యాలతో కూడిన నిండు నూరేళ్లు మనసారా కోరుకుంటున్నాము. ఆ జవాబు అందిన రోజున జిగురు కాచి తెచ్చే పని మాత్రం ఇక మనది.