గేదె మీద నిలబడిన వెలుగు

మామిడికుదురు సెంటర్లో సుందరమ్మ టీకొట్టు ముందు బల్ల మీద వెంకటరాజు కబుర్లు మొదలెట్టాడంటే, వాన వెలిసినా జనం కదలరు. హైదరాబాదులో ఓ టీవీ స్టూడియోలో ఏళ్ళ తరబడి లైట్‌మేన్‌గా చేశాడు. కంప్యూటరు చెప్పినట్టు తిరిగే లైట్లొచ్చాక ఉద్యోగం పోయి, ఇప్పుడు పెళ్ళిపందిళ్ళకి సీరియల్ బల్బులు కడుతున్నాడు. ఆ సంగతి ఎవరూ ఎత్తరు. మాట్లాడుతున్నంతసేపూ అతనికి ఇంకా ఆ స్టూడియోలోనే ఉన్నట్టుంటుంది.

"మొదట్లో చేసింది చిన్న పనేనండి. వార్తలు చదివే ఆవిడకి గెడ్డం కింద కాస్త కండ వేలాడేది. అందరూ చేతులెత్తేసేరు. నేను ఎదురుగా ఉన్న పెద్ద లైటు రవ్వంత పైకెత్తి, పక్కనించి బటర్ పేపరు కట్టిన చిన్న లైటు మెత్తగా వేసి, వెనకనించి జుట్టు మీద ఇంకోటి కొట్టేను. కండ మాయం. ఆ తర్వాత ఏమైందో తెలుసాండీ? ఇంటికెళ్తే సొంత మొగుడే ఆవిణ్ణి గుర్తుపట్టక తలుపు తియ్యలేదు."

"కండ మళ్ళీ రాలేదాండి?" బల్ల మీద పక్కనే కూర్చున్న గంగాధర్ అడిగాడు.

"నా లైటు పడ్డాక పోయిందంటే పోయినట్టే."

బల్ల మీదవాళ్ళు నవ్వారు. రాజుకి హుషారొచ్చింది.

"అది విని ఓ పాల కంపెనీవాళ్ళు గేదెని తోలుకొచ్చేరు. కాటుక నలుపండి. ప్రకటనలో అది మెరవాలంట. ఆవుని తెమ్మన్నారంతా. నేను వద్దన్నాను. నలుపంటే ఏంటండీ, వెలుతురు వెయ్యడం చేతకానోడు చెప్పే సాకు. చుట్టూ తెల్ల థర్మాకోల్ షీట్లు నిలబెట్టి, లైటు వాటి మీదకి కొట్టి, తిరిగొచ్చిన వెలుగు దాని ఒంటి మీద పడేలా చేసేను. మల్లెపువ్వైపోయింది గేదె. టీవీలో తనని తాను చూసుకుని, గడ్డి కూడా మానేసి అక్కణ్ణించి కదల్లేదు."

"పాలిచ్చిందా రాజుగారూ?" అంది సుందరమ్మ.

"ఇదివరకటికన్నా తెల్లగా. ఆయ్. ఇంకోసారేమో ముసురు పట్టి సూర్యుడు మొహం చూపించలేదండి. భక్తి కార్యక్రమానికి సూర్యోదయం కావాలన్నారు. ఉన్న లైట్లన్నీ తెర వెనక పేర్చి, నారింజరంగు కాగితం అడ్డంపెట్టి, ఒక్కోటీ పెంచుకుంటూ వచ్చేను. తలుపుసందులోంచి వెలుగు రోడ్డెక్కింది. కోళ్ళు కూసేయి. చుట్టుపక్కల ఆడవాళ్ళు మా గోడవారనే వడియాలు ఎండబెట్టుకున్నారు. ఆ తర్వాత ఏమైందో తెలుసాండీ? మబ్బు విడిపోయినా అసలు సూర్యుడు రాలేదు. నా పనేముందిక్కడ అని సెలవు పెట్టేసేడు."

బల్ల చివర కూర్చున్న మనిషి టీ గ్లాసు కింద పెట్టాడు. అతను కొబ్బరి లోడుకొచ్చిన లారీ డ్రైవరు దేవదానం, కె.గంగవరం మనిషి.

"ఆ స్టూడియో ఏదండీ?"

రాజు గొప్పగా పేరు చెప్పాడు.

"మా అమ్మాయి కరుణ వార్తలు చదివే ఉద్యోగానికి అక్కడికే వచ్చిందండి. నేనూ వెంటొచ్చేను. బాగా చదివిందన్నారు. అప్పుడు పైన లైట్ల వెనకనించి ఒకాయన, 'ఈ నలుపు మీద లైటు నిలబడదండి, దండగ, ఇంకో పిల్లని పంపండి' అన్నారు. వెలుగు కళ్ళలో కొట్టి మనిషి కనపడలేదు. మన గోదారి మాటేనని మాత్రం తెలిసింది. ఇందాకట్నించీ వింటున్నాను. ఆ గొంతు మీదేనండి."

రాజుకి ఆ పిల్ల గుర్తులేదు. అలాంటి పిల్లలు చాలామంది వచ్చేవారు. ఆ మాట మాత్రం తనదే.

"అప్పట్లో లైట్లు చాలేవి కాదండి," అన్నాడు.

"గేదెకి చాలేయి కదండీ."

ఎవరూ నవ్వలేదు.

"ఇప్పుడేం చేస్తోందండి అమ్మాయి?" సుందరమ్మ మెల్లగా అడిగింది.

"విశాఖపట్నంలో ఫోన్లో మాట్లాడే ఉద్యోగమమ్మా. దానికి మొహంతో పని లేదు. ఇంట్లో ఎవరైనా ఫొటో తియ్యబోతే లేచి వెళ్ళిపోతుంది."

దేవదానం తువ్వాలు దులుపుకుని లారీ ఎక్కాడు.

"అసలు ఆరోజు కెమెరా ఆయనే..." అని మొదలెట్టాడు రాజు. గంగాధర్ చెప్పులు వేసుకుంటున్నాడు. మిగతావాళ్ళు అప్పటికే రోడ్డు మీదున్నారు. సుందరమ్మ వచ్చి, అతను సగమే తాగిన టీ గ్లాసు అడక్కుండా తీసుకుపోయింది.