రెండో చెయ్యి

అచ్చయిన కాగితాలకు మడతలు పెట్టి, పిన్నులు కొట్టి, అంచులు కోసే చిన్న షెడ్డు. కటింగ్ మిషను దగ్గర అక్క. గుమ్మంలో ఆమె తమ్ముడి భార్య. పలచటి చెక్క గోడ అవతల, చూపు పోయిన పెద్దాయన మడతల మీద వెదురుబద్ద గీస్తున్న చప్పుడు.

"తలుపు వేసి మాట్లాడు."

"ఎందుకు వెయ్యాలి? దొంగతనానికి రాలేదు వదినా. మా ఆయన పని మా ఆయనకి ఇవ్వమని అడగడానికొచ్చాను."

"వేసి మాట్లాడమన్నాను. మాట్లాడొద్దనలేదు."

"ఇదిగో, వేశాను. ఇప్పుడు చెప్పండి. రేపట్నించి ఈ మిషను మీద ఎవరుంటారు?"

"ఇవాళ ఎవరున్నారో వాళ్ళే."

"అంటే మీరే."

"కనపడుతోందిగా."

"ఎందుకు కనపడదూ! తమ్ముడికి రెండు వేళ్ళు పోయాయి, అక్కకి మిషను దక్కింది. బాగానే కనపడుతోంది."

"నెమ్మదిగా. నాన్న లోపలే ఉన్నాడు."

"ఉండనివ్వండి. మామయ్యగారికి ఇంకా షట్టరు కథే చెబుతున్నారా?"

"అవును. షట్టరు కింద పడి నలిగాయనే చెప్పాం. ఆ మాట అలాగే ఉండనీ."

"ఊళ్ళో అందరికీ మిషన్లో తెగాయని తెలుసు. కన్నతండ్రికి మాత్రం షట్టరు!"

"ఈ మిషను ఆయన ముచ్చటపడి తెచ్చుకున్నది. అదే కొడుకు వేళ్ళు తీసిందంటే తట్టుకోలేడు."

"తట్టుకోలేనిది ఆయనా, మీ పరువా?"

"ఇదిగో అమ్మాయ్, ఆ బద్ద చప్పుడు వినపడుతోందా? అది గీసుకుంటున్నంతసేపు ఆయన లోకం ఆయనది. అది ఆగిందంటే చెవి ఇటు పడేసినట్టే. అప్పుడు మాత్రం నువ్వు నోరు మూసుకోవాలి."

"నోరు మూయించడం తప్ప ఇంకేమీ రాదా మీకు?"

"వచ్చు. మడతలు పెట్టడం వచ్చు, కొయ్యడం వచ్చు. ఊరికే నిలబడ్డ మనిషిని చూస్తే నాకు చెయ్యాడదు. ఆ మడతలు ఒకదాంట్లో ఒకటి దూర్చి పిన్నులు కొట్టు."

"నేను కూలికి రాలేదు."

"తెలుసు, పోట్లాటకొచ్చావు. నోరు చేసే పని నోరు చేస్తుంది, చేతులు ఖాళీగా ఎందుకు?"

"ఇటివ్వండి. మీతో మాట పడేకంటే ఇదే నయం... ఇదిగో, ఒకటి అయింది."

"ఇదేంటి? పుస్తకం తిరగేసి పెట్టావు. పిన్ను కాళ్ళు బయటికొచ్చాయి. బడిపిల్లల చేతులు గీరుకోవూ?"

"మీ పిన్నుల మిషనే వంకరగా కొడుతోంది."

"ఆడలేక మద్దెల ఓడందట."

"అవును, నాకు రాదు. వచ్చిన మనిషి ఇంట్లో కూర్చున్నాడు. ఆయనెలా ఉన్నారో ఒక్కరోజన్నా వచ్చి చూశారా? పాత క్యాలెండరు కాగితం ముందేసుకుని మడుస్తారు, విప్పుతారు, మళ్ళీ మడుస్తారు. పసిదాన్ని ఎత్తుకోవాలన్నా ఆ చెయ్యి వెనక్కి దాచుకుంటారు. పనికి వెళ్ళండీ అంటే, 'అక్క వద్దంది' అంటారు. అంతే, ఇంక మాట లేదు."

"మడతలకి రమ్మన్నాను. పిన్నులకి రమ్మన్నాను. నేనే వాడికి కబురు పెట్టాను."

"ఆయన కోత మనిషి! అంచు కోస్తే కాగితం కోసినట్టు ఉండదు, అద్దం పెట్టినట్టు ఉంటుందని మామయ్యగారే అంటారు."

"కోత దగ్గరికి మాత్రం రానివ్వను."

"అదే ఎందుకని?"

"మళ్ళీ చెయ్యి పెట్టుకుంటాడు. పరధ్యానం మనిషి. ఆ రోజూ పరధ్యానంలోనే పెట్టుకున్నాడు. వాడే ఒప్పుకున్నాడుగా నీ దగ్గర."

"ఒప్పుకున్నారు. ఒప్పుకునేటప్పుడు నా మొహం వంక మాత్రం చూడలేదు."

"సిగ్గుపడ్డాడు."

"పురిటికి వెళ్ళిన దాన్ని, అడవికి వెళ్ళలేదు కదా! కట్టు విప్పేదాకా నాకెవరూ చెప్పలేదెందుకు?"

"నీ నోట్లో నువ్వుగింజ నానదు, అందుకు."

"నానబెట్టాల్సినంత గింజ ఏముందట అక్కడ?"

"ఏమీ లేదు. పిన్ను కొట్టు."

"లేదు, ఏదో ఉంది."

"వాడే ఊరుకున్నాడు కదా! కందకి లేని దురద కత్తిపీటకెందుకు?"

"నాకుంది దురద. ఒకటే మాట వదినా. రేపు పొద్దున ఆయన ఈ మిషను ముందు నిలబడాలి. లేదంటే షెడ్డు మధ్యలో గోడ లేపుదాం. మిషను మా వైపు."

"లేపుకో. నాన్న ఎటువైపు?"

"అబ్బబ్బ, నాన్న, నాన్న! ఆ ముసలాయన్ని అడ్డం పెట్టుకుని ఎన్నాళ్ళు నెగ్గుకొస్తారు?"

"నోరు జారకు. మూడు వేళ్ళ చేత్తో దీన్ని ఎలా నొక్కుతాడో అది చెప్పు ముందు."

"నొక్కడానికి వేళ్ళెందుకు? అరచెయ్యి చాలదూ?"

"అంత తేలికా? రా ఇలా. నువ్వే నొక్కు. నీకున్న అయిదు వేళ్ళతో నొక్కు, చూస్తాను."

"భయపడతాననుకున్నారేమో. పెట్టండి కాగితాలు."

"పెట్టాను. ఊఁ."

"నొక్కాను... కదలదే! పాడైపోయింది మీ మిషను."

"నాన్న తెచ్చిన రోజు నుంచీ ఒక్కనాడు పాడవలేదు ఇది. నువ్వు నొక్కింది ఒక్క బటనే. ఆ చివర ఇంకోటుంది చూడు. రెండూ కలిపి నొక్కితేనే కత్తి దిగేది."

"ఇంతింత దూరంగా పెట్టారేంటి, బార చాపాల్సొస్తోంది... అమ్మో! దిగింది."

"చూశావా ఆ దిగడం? గుండె ఝల్లుమందా? ఇక వెళ్ళి పిన్నులు కొట్టుకో."

"ఉండండి, ఇంకోసారి."

"సరదాగా ఉందా నీకు?"

"సగంలో ఒక చెయ్యి తీసి చూశాను. కత్తి పైకెళ్ళిపోయింది."

"వెళ్తుంది. చాల్లే, జరుగు."

"రెండు చేతులూ బటన్ల మీద ఉంటేనే దిగుతుంది."

"జరగమన్నానా!"

"ఏ చెయ్యి తీసినా వెనక్కి పోతుంది."

"బడి వాళ్ళు వచ్చే వేళయింది, పని చేసుకోనివ్వు నన్ను."

"మరి ఆయన చెయ్యి కత్తి కిందికి ఎలా వచ్చింది?"

"అప్పుడు... అప్పుడు బటను చెడిపోయి ఉంది."

"ఒక్కనాడు పాడవలేదని ఇప్పుడేగా అన్నారు! వదినా, ఇటు చూడండి. ఒక చెయ్యి ఆయనది. రెండో బటను మీద చెయ్యి ఎవరిది?"

"గొంతు తగ్గించు."

"మీదేనా?"

"తగ్గించమంటున్నాను."

"మీదే! అందుకే రానివ్వట్లేదు. ఆయన మొహం రోజూ చూడలేక!"

"నాదే. సరేనా? నాదే అనుకో. కడుపు నిండిందా? వెళ్ళింక."

"అనుకోవడమేంటి? చేసిన మనిషి 'అనుకో' అంటుందా?"

"నీ కాళ్ళు పట్టుకుంటాను, వెళ్ళిపో."

"ఆ పూట మీరు కాగితం దుకాణానికి వెళ్ళారు. నేనుంటే వాణ్ణి ఒక్కణ్ణీ ఆసుపత్రికి నడిపించేదాన్నా అని మీరే నా దగ్గర ఏడ్చారు. మీరు లేరు. నేను లేను. ఇంక ఈ షెడ్డులో ఉన్నదల్లా..."

"అనకు. ఆ మాట నోటితో అనకు."

"మామయ్యగారా?"

"గోడ దగ్గర్నించి ఇటు జరుగు."

"చూపు లేని మనిషి మిషను మీద చెయ్యి వెయ్యడమేంటి వదినా?"

"నీ మొగుడి మంచితనం. చూపు పోయాక నాన్న అన్నం మానేశాడు, గుర్తుందా? వీడే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ఒక బటను అప్పగించాడు. 'అది నువ్వు నొక్కు నాన్నా, ఇది నేను' అని. ఎన్నాళ్ళో అలా చెరో చెయ్యి వేసి కోశారు. ఆ రోజు వీడు తన బటను నొక్కి పట్టుకుని, రెండో చేత్తో కాగితం సర్దుతున్నాడు. చెప్పకముందే నాన్న నొక్కేశాడు."

"ఆయన అరవలేదా?"

"కిక్కురుమనలేదు. చొక్కాలో చెయ్యి చుట్టుకుని, 'కాగితం జరిగింది నాన్నా, ఆపు, నీళ్ళు తాగొస్తాను' అని బయటికొచ్చాడు. ఆసుపత్రిలో నా చేత ఒట్టు వేయించుకున్నాడు. ఇప్పుడు చెప్పు. వీడు మళ్ళీ ఇక్కడ నిలబడితే ఆయన వచ్చి పక్కన నిలబడతాడు. 'నా బటను నాకియ్యరా' అంటాడు. ఇవ్వం అంటే ఎందుకంటాడు. ఏం చెప్పమంటావు?"

"నాకెందుకు చెప్పలేదు... నాకు ముందే చెప్పుంటే..."

"చెప్తే ఇలాగే అరిచేదానివి."

"అరిచానా? బాగా గట్టిగా అరిచానా వదినా?"

"ఏడవకు. కళ్ళు తుడుచుకో. తలుపు తీసి మామూలుగా వెళ్ళు."

"వదినా."

"ఏంటి?"

"లోపల బద్ద చప్పుడు ఎప్పుడు ఆగింది?"