పగోపగోలో ఇంకా శుక్రవారమే

ద్వీపనగరం ఆపియాలో మగడి పుట్టినరోజు విందు శుక్రవారం ముగిసింది. శనివారం ఉదయం అతడు పెట్టె సర్దుకుంటూ ఉండగా, ఏళ్లుగా గొంతులో ముల్లై నిలిచిన ప్రశ్నను భార్య అడిగింది.

"పగోపగోకి విమానంలో ఎంతసేపు?"

"తెలీనట్టు అడుగుతావేమే? నూట ముప్పై కిలోమీటర్లు. నలభై నిమిషాలు."

"దిగేసరికి అక్కడ ఏ వారం?"

"శుక్రవారం. మధ్య సముద్రంలో తేదీ మారే గీత ఉంది, వాళ్లు మనకంటే రోజు వెనక కదా."

"అంటే అక్కడ ఇవాళే నీ పుట్టినరోజు. నాలుగేళ్లుగా ఏటా ఇదే విమానం ఎక్కుతున్నావు."

"రేవులో పనే, దేవుడి తోడు!"

"రేవు పనికి కొత్త పూలచొక్కా దేనికో?"

"అబ్బబ్బా, ఏమిటే నీ గోల! ఏటా మొదటి పుట్టినరోజు నీ దగ్గరేగా చేసుకునేది!"

"మొదటిదా?" అన్నది ఆమె, చాలా నెమ్మదిగా. "రెండోది ఉందని నీ నోటితోనే వినాలని నాలుగేళ్లు ఆగాను."