నాకు లేదంటే నీకూ లేనట్టేనా?

నవ్వకు బావా! ఒళ్లు మండుతోంది నాకు. ముందు ఆ ఫోన్ జేబులో పెట్టు. మీ అక్కకి అప్పుడే చెప్పేశావా, 'ఏమీ లేదంట, అంతా పొరపాటంట' అని? ఎవరన్నారు నీతో ఆ మాట? ఇవాళ టెస్టుకి రక్తం ఇచ్చింది నేను. నెగటివ్ అని చెప్పింది నాకు. నీకు కాదు!

కూర్చో. ఎక్కడికి లేస్తున్నావ్? మందులిచ్చే కిటికీ ఇటుంటే నువ్వు బయటి దారి చూస్తున్నావ్.

ఏంటీ? మొగుడూ పెళ్లాలం కాబట్టి, నాకు లేనిది నీకెలా ఉంటుందనా? అబ్బ, ఏం తెలివి! నీకు జలుబు చేసిన ప్రతిసారీ నాకూ చేసిందా?

ఇక్కడ కౌన్సెలింగ్ చేసే మేడం మొన్న ఎంత ఓపిగ్గా చెప్పింది! ఒక్క టెస్టుతో తేల్చేయరు, వేరే టెస్టులు కూడా చేసి మరీ ఖాయం చేస్తారని. నీకు చేశారుగా. అన్నిట్లోనూ హెచ్ఐవి ఉందనే వచ్చింది. గంగిరెద్దులా తలూపి వచ్చావ్, ఇవాళ మళ్లీ మొదటికొచ్చావ్.

నాకు ఇప్పటికి కనబడలేదు, అంతే. ఈమధ్యే అంటుకుని ఉంటే వెంటనే తెలీదంట. కొన్నాళ్లాగి మళ్లీ రమ్మంది. వస్తా. నీలా పారిపోను.

వెల్డింగ్ పనివాడివి కదా, నీ భాషలోనే చెప్తా. పక్క షాపువాడి గేటు అతుకు గట్టిగా ఉందని, నీ గేటుని సుత్తితో కొట్టి చూడకుండా పంపిస్తావా? పైగా నీది కొట్టి చూశాం, ఊడొచ్చింది. రంగేసి ఇచ్చేద్దాం అంటావ్!

ఎక్కడ అంటించుకున్నావో ఇప్పుడు అడగట్లేదు. అడుగుతాలే. ఇంటికెళ్లాక తీరిగ్గా అడుగుతా, అప్పుడుంది నీ పని. తిట్లు తినడానికైనా బతికుండాలిగా!

రోజూ మాత్ర వేసుకోవాలి, అంతేగా. మానకుండా వేసుకుంటే ఒంట్లో వైరస్, టెస్టులో కూడా కనబడనంతగా తగ్గిపోతుందంట. అలా ఉన్నన్నాళ్లూ నీ నుంచి నాకు రాదంట. అప్పటిదాకా ఏ జాగ్రత్తలు తీసుకోవాలో కూడా చెప్పింది. హాయిగా పని చేసుకోవచ్చు. ముసలాడివై నన్ను సతాయించొచ్చు. ఇంకేం కావాలి? ఎవరైనా చూస్తారని సిగ్గా? ఆ మందుల కిటికీ ముందు లైన్లో వాళ్లంతా ఎందుకొచ్చారనుకున్నావ్, సినిమా టిక్కెట్లకా?

అయ్యో... ఏడవకు. నువ్వేడిస్తే నాకు కోపం ఇంకా పెరుగుతుంది.

ఒకటి చెప్తా, ఏమనుకున్నా సరే. లోపల సూది గుచ్చుతుంటే నాకూ ఉందని రావాలని కోరుకున్నా. అవును, కోరుకున్నా! నెగటివ్ అనగానే నీరుగారిపోయా. ఎందుకో తెలుసా? నాకే వచ్చుంటే, ఈపాటికి చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి ఆ లైన్లో నువ్వే నిలబెట్టేవాడివి. నా నోట్లో మాత్ర నువ్వే వేసేవాడివి.

నీ ప్రాణం కోసమైతే ఈ బెంచీ మీంచి లేవలేకపోతున్నావ్. ఛీ, నా బతుకు! లే బావా, లైను కదులుతోంది.