తాబేలు తొడుక్కెళ్ళిన కోటు

టీ కొట్టాయన బెంగంతా ఒక్క కోటు గురించే. ఆదివారం కూతురి పెళ్ళి. ఆ ఒక్క రోజైనా కోటు వేసుకుని నిలబడాలని ముచ్చటపడి, బూడిదరంగు బట్ట కొని ఎదురు షాపు దర్జీకి ఇచ్చాడు. దర్జీ బట్ట తీసుకుని 'రేపు' అన్నాడు. ఆ రేపు రాకముందే బావమరిదితో కలిసి ఏదో దీవికి చెక్కేశాడు. ఇవాళ పొద్దున్నే తిరిగొచ్చి, షాపు షట్టరైనా ఎత్తకుండా టీ కొట్టు బల్ల మీద చేరాడు. నలుగురిలో కోటు ఊసెత్తితే ఏం బాగుంటుందని టీ కొట్టాయన మొహమాటపడి ఊరుకున్నాడు.

ఆ దర్జీకి కత్తెర కన్నా నోరు పదును. మొదట్లో మాత్రం బుద్ధిగానే చెప్పాడు. దీవిలో ఎంత ప్రశాంతమంటే, వసారాలో కూర్చుంటే ఆకు రాలిన చప్పుడు కూడా వినబడుతుందట. తను జంతువుల్ని చూద్దామని వెళితే కోతి ఒకటి వచ్చి తననే చూసి పోయిందట. ఇంతవరకూ నమ్మొచ్చు.

ఒళ్ళో సంచి పెట్టుకుని కూర్చున్న మందుల షాపాయన అప్పుడు నోరు తెరిచాడు. "మాస్టారూ, మరి నా కోటు..."

దర్జీ మాట పూర్తి చెయ్యనిస్తేగా. "అయ్యో, ఆ కథే కదండీ చెప్పబోతున్నాను! మీ కోటు మీదున్న శ్రద్ధ కొద్దీ బట్ట అక్కడికే పట్టుకెళ్ళాను. సుద్దతో గీతలు గీసి, ఒడ్డున పరిచి, కత్తెర కోసం గదిలోకి వెళ్ళానా, వచ్చేసరికి ఏమైందో తెలుసా? ఒక పీత గీత తప్పకుండా మొత్తం కోసేసింది. చంక దగ్గర వంపుతో సహా. ఇంత అనుభవముంది, నాకే అంత నున్నగా రాదు."

"మరి కుట్టిందెవరు?" అని బల్ల చివర్నుంచి ఎవరో అడిగారు.

పిట్టలట. ఆకులు కుట్టుకుని గూడు కట్టే పిట్టలు జంటగా దిగి, ఒకటి ముక్కుతో చేతులు అతుకుతుంటే రెండోది కాజాలు తీసిందట. దారం అందించడానికి సాలీళ్ళు వరస కట్టాయట. ఇస్త్రీ మాత్రం తనే చేశాడట, చెయ్యని పని చేశానని చెప్పుకోవడం తనకి చేతకాదట.

పోయేదేదో మందుల షాపాయన కోటే కదా అని టీ కొట్టాయన ఊపిరి పీల్చుకుని, డికాక్షన్ వడకట్టడంలో పడ్డాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ట్రయల్ వేద్దామంటే మీరు లేరు. అంతలో సముద్రంలోంచి మంచమంత తాబేలు వచ్చింది. అచ్చం మీ ఒళ్ళే, ఏమీ అనుకోకండి. తొడిగాను. అతికినట్టు సరిపోయింది. వీపు ఎలా ఉందో చూద్దామనుకునే లోపు అది బొత్తాలు పెట్టుకుని నీళ్ళలోకి దిగిపోయింది."

అక్కడితో ఆగాడా? మర్నాడు తెల్లారేసరికి ఒడ్డంతా బేరాలేనట. తిమింగలం ఒకటి సఫారీ సూటు కావాలని వచ్చిందట. టేపు చాలక, ఓ కొస తోకకి కట్టి పడవ వేసుకుని చుట్టూ తిరిగాడట. చివరికి దానిక్కూడా 'రేపు రా' అని చెప్పి వచ్చేశాడట. పాపం అది ఇంకా ఆ ఒడ్డునే కాచుకుని ఉందట. ఆ తిమింగలం మీద టీ కొట్టాయనకి నిజంగానే జాలి కలిగింది.

మందుల షాపాయన నెమ్మదిగా సంచిలోంచి కొత్త బట్ట తీసి బల్ల మీద పెట్టాడు.

"నా కోటు బట్ట ఇదండీ. నిన్ననే కొన్నాను. కొలతలు ఎప్పుడు తీసుకుంటారని అడగబోయాను."

బల్ల మీద వాళ్ళంతా గొల్లుమన్నారు. దర్జీని మాత్రం ఏమనగలం? ఎవరు 'నా కోటు' అన్నా ముందు సాకు చెప్పేసి, ఎవరి కోటని తర్వాత ఆలోచించడం అతనికి అలవాటైపోయింది.

నవ్వనిది టీ కొట్టాయన ఒక్కడే.

"అయితే తాబేలు తొడుక్కెళ్ళింది నా కోటా?"

దర్జీకి మొదటిసారి మాట తడబడింది. "లేదన్నా. నీ బట్ట భద్రంగానే ఉంది. ఇంకా మడతే విప్పలేదు."

టీ కొట్టాయన స్టవ్ ఆపేశాడు. దర్జీ చేతిలోని గ్లాసు లాక్కుని ఎదురుగా ఉన్న షట్టర్ చూపించాడు.

"పద, విప్పు. నువ్వు చివరి బొత్తాం కుట్టేదాకా నీ గుమ్మంలోనే కూర్చుంటాను. రేపు రమ్మంటే తిమింగలం కాచుకుంటుందేమో గానీ, ఆదివారం దాని కూతురి పెళ్ళి లేదు."