చెరిపిన పలక

రాజమండ్రిలో ఒక కాలేజీ వరండా, 1884. కొత్తగా చేరేవాళ్ళకి పరీక్ష పెట్టి, ఎవరు ఏ తరగతిలో కూర్చోవాలో తలుపు మీద జాబితా అతికించిన మూడో రోజు. మాట్లాడుకుంటున్నది కాలేజీ గుమాస్తా వీరబ్రహ్మం, గోదావరిలో చేపలు పట్టే బుల్లియ్య.

“ఎన్నిసార్లు చెప్పను బుల్లియ్యా? మీ సత్తియ్య పలక ఖాళీగా ఉంది. ఖాళీ పలకకి మార్కులెలా వేస్తారు?”

“ఖాళీ కాదండి. మావోడు ఏడు లెక్కలూ చేశాడండి.”

“చేస్తే ఏవీ?”

“చెరిపేశాడండి.”

“అదిగో. చేశాడు, చెరిపేశాడు. మొన్నా ఇదే మాట, నిన్నా ఇదే మాట. ప్రిన్సిపాలు దొరగారి ముందు అంటే నవ్విపోతారు.”

“నవ్వనివ్వండి. నవ్వి ఇంకోసారి కూర్చోబెడితే చాలండి. తమరి కళ్ళ ముందే చేస్తాడు. ఆ చెట్టు కింద ఉన్నాడు, పిలవమంటారా?”

“వద్దు. పిలవకు.”

“చిటికెలో చేస్తాడండి.”

“చేస్తాడయ్యా, కాదన్నానా? చేసినా లాభం లేదంటున్నాను. జాబితా తలుపెక్కింది, నకలు మద్రాసు వెళ్ళిపోయింది. దొరగారు నిన్ననే పడవలో కాకినాడ వెళ్ళారు. ఎల్లుండి వస్తారు, రాగానే కొత్తవాళ్ళకి తరగతులు మొదలు. నేను గుమాస్తాని. గంట కొట్టమంటే కొట్టిస్తాను, పలకలు పోగు చెయ్యమంటే పోగు చేస్తాను. అంతవరకే.”

“దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వలేదని...”

“ఏమిటన్నావు?”

“ఏం లేదండి. నోరు జారింది. మూడు రోజుల నుంచి ఇంట్లో పొయ్యి వెలగలేదండి, ఏం మాట్లాడుతున్నానో నాకే తెలీటం లేదు.”

“చూడు, మీవాణ్ణి పూర్తిగా తీసెయ్యలేదు గదా. తరగతి ఇచ్చారు గదా.”

“ఆయ్, ఇచ్చారండి. ఎనిమిదేళ్ళ పిల్లల పక్కన. నిన్న ఒకసారి వెళ్ళి ఆ గుమ్మంలో నిలబడ్డాడంట. లోపల పిల్లలు ‘కొత్త మేష్టారొచ్చారు’ అని లేచి నిలబడ్డారంట. అట్నించటే వెనక్కొచ్చేశాడు. మీసాలొచ్చిన మడిసి, ఒకట్లూ రెండ్లూ దిద్దుకుంటా ఎలా కూర్చుంటాడండి?”

“రాతపరీక్షలో పై తరగతికి సరిపోయాడు. దొరగారే అన్నారు, అక్షరం ముత్యంలా ఉంది, కాయితం మాత్రం రెండు చోట్ల చిల్లు పడిందని.”

“ఇసకలో రాసిన చెయ్యి కదండీ. గట్టిగా నొక్కితేగానీ ఇసకలో అక్షరం నిలబడదు. కలం పట్టుకోవటం అదే మొదటిసారి.”

“అదే చెప్పాను దొరగారితో. కానీ లెక్కల్లో సున్నా. లెక్కల్లో సున్నా వచ్చినవాణ్ణి ఎక్కడ వేస్తారు? నేనేం చెయ్యను?”

“వచ్చే ఏడు మళ్ళీ పరీక్షకి వస్తే?”

“వాడి వయసెంత?”

“మాఘమాసం వస్తే పద్దెనిమిది నిండుతాయండి.”

“పద్దెనిమిది దాటితే కొత్తవాళ్ళని తీసుకోరు. అదీ దొరగారు పెట్టిన రూలే.”

“అంటే ఇంక లేనట్టేనా అండి?”

“నా నోటితో నన్నెందుకు అనమంటావు.”

“సరేనండి. అనకండి. ఒక్క సంగతి అడుగుతాను, చెప్పండి. ఆ రోజు పలకలు నేల మీదే పెట్టి లేవమన్నారంట గదా?”

“అవును. బల్లలు చాల్లేదు. నలభైమందినీ చాపల మీద కూర్చోబెట్టాం. గంట కొట్టగానే ఎక్కడి పలక అక్కడే ఉంచి లేచి బయటికి పొమ్మన్నారు దొరగారు.”

“మా పేటలో పంతులుగారు ఇసకలో చెప్పారండి చదువు. గోదారొడ్డున. వేలితో రాయాలి. పంతులుగారు ఒక్కొక్కరి వెనకా వచ్చి నిలబడి, చూసి, తలూపుతారు. చూడటం అయ్యాకే ‘లెగండిరా’ అంటారు. లేచే ముందు రాసిందంతా అరిచేత్తో చెరిపి, ఆ చెయ్యి కళ్ళకద్దుకుని లేవాలి. అక్షరం మీద ఎవరి కాలైనా పడిందంటే సరస్వతిని తొక్కినట్టే. మా పేటలో అయిదేళ్ళ పిల్లకి కూడా తెలుసండి ఆ సంగతి.”

“ఇసక వేరు, పలక వేరు బుల్లియ్యా.”

“నేల మీద ఉంది గదండి. నలభైమంది లేచి దాని మీదుగా నడుస్తారు గదండి. వాడికి చెయ్యి ఆగలేదు.”

“మిగతావాళ్ళెవరూ చెరపలేదే.”

“మిగతావాళ్ళు బళ్ళల్లో చదివారండి. మావోడికి ఎవరు చెప్పారండి, చెరపొద్దని? ఒక్కళ్ళు చెప్పారా?”

“దొరగారు ఇంగ్లీషులో చెప్పారు.”

“ఆ.”

“నేను తెలుగులో చెప్పాల్సింది. మరిచాను. అనుకోలేదు. ఎవడైనా చేసిన లెక్క చెరుపుకుంటాడని ఎవడనుకుంటాడయ్యా?”

“తప్పు తమరిదని అనటం లేదండి. అయినా ‘లేవండి’ అన్నారంటే చూసేశారనే అనుకున్నాడు వాడు. చూశారనుకోటానికి ఇంకో కారణం కూడా ఉందండి.”

“ఏంటి?”

“తమరు వాడి వెనకాల వచ్చి నిలబడ్డారంట.”

“అందరి వెనకా నిలబడ్డాను. కాపలా నాదే గదా.”

“చాలాసేపు నిలబడ్డారంట.”

“ఎండగా ఉంది. అక్కడ కాస్త గాలొస్తోంది.”

“పలక చూసి తలూపారంట.”

“ఈగ వాలి ఉంటుంది.”

“ఈగండీ?”

“ఈగో, దోమో. ఏంటయ్యా నువ్వు, కోర్టులో ప్లీడరులాగా? నేను చూడలేదు. నలభై పలకల్లో ఏ పలక మీద ఏముందో నాకేం తెలుసు?”

“కోపం తెచ్చుకోకండి. మీరు చూశారేమో, దొరగారితో ఒక్క మాట అంటారేమోనని. అంతే.”

“చూడలేదు.”

“అలాగేనండి.”

“చూస్తే చెప్పనా? నాకేం పగ?”

“అలాగేనండి. చూడలేదన్నారు గదా, అయిపోయింది. మావోడు మాత్రం లెక్కలన్నీ నాకు నోటితో చెప్పాడండి. నాకర్థమైంది ఆఖరిదొక్కటే. తొట్టి లెక్క. ఒక తూము ఆరు గంటల్లో తొట్టి నింపుతుందంట, అడుగునున్న తూము ఎనిమిది గంటల్లో ఖాళీ చేస్తుందంట. రెండూ ఒకేసారి తీస్తే ఎప్పుడు నిండుతుందని. నాకు నవ్వొచ్చిందండి. చిల్లుపడవలో నీళ్ళు తోడుకుంటా పెరిగినోడు, వాణ్ణా ఆ లెక్క అడిగేది? ఇరవైనాలుగు గంటలన్నాడు. అవునాండి?”

“అవును. ఇరవైనాలుగే. చాలా కష్టమైన లెక్క అది. దొరగారు కావాలనే పెట్టారు. గదంతా కలిపి ఇద్దరే చెయ్యగలిగారు.”

“ఇద్దరాండి?”

“ఇద్దరే.”

“ఎవరండి ఇద్దరు?”

“ఎవరైతే నీకెందుకు?”

“దొరగారు దిద్దిన పలకల్లో ఇద్దరివి సరిగ్గా ఉన్నాయాండి?”

“లేదు, ఒక్కడిదే...”

“ఒక్కడిదే. మరి రెండోవోడు?”

“నువ్వు ఇంటికెళ్ళు బుల్లియ్యా. ఎండెక్కుతోంది.”

“రెండోవోడు మావోడేనాండి?”

“ఎండెక్కుతోందన్నాను గదా, వెళ్ళు.”

“చూశారన్నమాట.”

“చూశాను.”

“ఏడూనాండి?”

“ఏడూ. ఒక్కటి తప్పు లేదు. ఇరవై రెండేళ్ళ నుంచి పలకలు పోగు చేస్తున్నాను, అంత శుభ్రంగా చేసినవాణ్ణి చూడలేదు. అందుకే నిలబడిపోయాను. తల కూడా ఊపానేమో, నాకు తెలీదు. చాలా? ఇప్పుడు ప్రాణం కుదుటపడిందా?”

“కుదుటపడిందండి. కన్నతండ్రిని గదండి, మూడ్రోజులుగా నాకూ ఓ మూల అనుమానం పీకుతానే ఉంది, వీడు అబద్ధమాడుతున్నాడేమోనని. నిన్న కొట్టాను కూడానండి. ఎదిగిన కొడుకుని.”

“అయ్యో, ఎందుకు కొట్టావయ్యా.”

“తెలీక కొట్టానండి. మరి, చూశారు గదా, ఎల్లుండి దొరగారు రాగానే చెప్తారా?”

“నా మాట చెల్లదు.”

“ఎందుకు చెల్లదండి?”

“ఏమడుగుతారో తెలుసా? ‘వీరబ్రహ్మం, చూసినవాడివి ఆ రోజే ఎందుకు చెప్పలేదు’ అంటారు. ఏం చెప్పను? ‘బుల్లియ్య నీ ఇంటికి ఎన్ని పులసలు పంపాడు’ అంటారు. నా ఉద్యోగం పోతుంది, మీవాడికి తరగతి రాదు. రెంటికీ చెడతాం.”

“ఆ రోజే ఎందుకు చెప్పలేదండి?”

“చెప్పలేకపోయాను.”

“ఎందుకండి?”

“చెప్పలేకపోయానంటున్నాను గదా.”

“సరే, తమరి మాట వద్దండి. తమరికి ఇబ్బంది వద్దు. ఇంకో దారుందండి. మావోడి పక్కన ఒక కుర్రోడు కూర్చున్నాడంట. మంచోడేనంట. మధ్యలో తన చెంబులో నీళ్ళు కూడా ఇచ్చాడంట మావోడికి, అంటుముట్టు చూడకుండా. ఆ బాబు చెప్తే?”

“అతను... అతనేం చెప్తాడు?”

“మావోడు ఆఖర్న పలక చెరపబోతుంటే, ఆ బాబు చెయ్యి అడ్డం పెట్టి ‘ఒక్క నిమిషం ఆగు’ అన్నాడంట. మావోడు ఆగాడంట.”

“ఎందుకు ఆగమన్నాడో మీవాడికి తెలుసా?”

“తెలుసండి. తొట్టి లెక్క ఇంకా తన పలక మీదికి ఎక్కించుకోవటం అవలేదంట. తెలిసే ఆగాడు. విద్య అడిగినోడికి దాచకూడదని పంతులుగారు చెప్పారంట.”

“ఆ మాట ఇంకెవరితోనైనా అన్నావా?”

“లేదండి. అననండి. ఆ బాబు మీద నాకేం కోపం లేదు. ఆయన చదువుకోవాలి, పైకి రావాలి. దొరగారితో ఆయన ఒక్క మాట చెప్తే చాలు, పక్కవాడి పలక మీద లెక్కలుండటం చూశానని. ఒక్క మాటేనండి.”

“ఆ ఒక్క మాట అన్నాడంటే ఆ తర్వాతి ప్రశ్న ఏంటో తెలుసా? ‘నువ్వు పక్క పలకలోకి ఎందుకు చూశావు?’ అని. కాలేజీలోంచి పేరు కొట్టేస్తారు. జిల్లాలో ఇంకెక్కడా చేర్చుకోరు.”

“కొట్టెయ్యొద్దని నేను కాళ్ళు పట్టుకుంటానండి.”

“దొరగారి కాళ్ళు పట్టుకుంటే దొరగారికి మరీ కోపం.”

“పోనీ ఆ బాబు కాళ్ళే పట్టుకుంటాను. ఇష్టమైతే చెప్తాడు, లేకపోతే లేదు. ఆయనెవరో, ఇల్లెక్కడో చెప్పండి. జాబితా తమరే రాశారు గదా.”

“అతను చెప్పడు.”

“అడక్కుండానే ఎలా అంటారండి? మనసున్న పిల్లోడిలాగే ఉన్నాడు. నీళ్ళిచ్చినోడు.”

“మనసున్నవాడే. అందుకే వచ్చింది బాధంతా.”

“తమరికి తెలుసాండి ఆయన?”

“తెలుసు.”

“మరి తమరే అడగండి నా బదులు. తమరి మాట వింటాడేమో.”

“వింటాడు. నా మాట బాగా వింటాడు.”

“ఇంకేం మరి. అడుగుతారాండి?”

“బుల్లియ్యా, అతను నిన్న పొద్దున్నే చొక్కా తొడుక్కుని, దొరగారు పడవెక్కేలోపు ఉన్న నిజం చెప్పేసి వస్తానని బయల్దేరాడు. వీధి గుమ్మంలో అడ్డం నిలబడి, నేనే ఆపాను. మా పెద్దమ్మాయి మొగుడు.”